ఊరి బడిలో పాత వస్తువుల ప్రదర్శన: యాంటిక్, వింటేజ్, రెలిక్, ఆబ్సొలీట్... ఏ మాట దేనికి?

బడి_గ్రంథాలయం

అందరికీ నమస్కారం. మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల వార్షికోత్సవానికి ఊళ్ళో ఇంటింటికీ తిరిగి పాత వస్తువులు అడిగి తెచ్చి, ఒక గదిలో ప్రదర్శన పెడుతున్నాం. ప్రతి వస్తువు ముందు తెలుగులో ఒక చీటీ, ఇంగ్లీషులో ఒక చీటీ ఉండాలని అనుకున్నాం. తెలుగు చీటీలు అయిపోయాయి. ఇంగ్లీషు దగ్గరే పేచీ వచ్చింది.

తొమ్మిదో తరగతి పిల్లలు గంగాళం నుంచి వాల్వుల రేడియో దాకా అన్నింటికీ ‘యాంటిక్’ అని రాశారు. ఒక టీచరుగారు వాటిలో కొన్నింటిని ‘ఆబ్సొలీట్’ అని మార్చారు. గంగాళం ఇచ్చినావిడ మనవడు ఆ మాటకు అర్థం చూసుకుని, “మా నాయనమ్మ గంగాళం పనికిరానిదా సార్?” అని అడిగాడు. ఆ అబ్బాయి అడిగినదాంట్లో న్యాయం ఉంది.

మా దగ్గర ఉన్నవి: తాళపత్రాల కట్ట ఒకటి, దాంతోపాటు తాటాకు మీద గీసి రాసే గంటం. ఇత్తడి గంగాళం. సోల, తవ్వ, మానిక, కుంచం. అణా, బేడ, పావలా కాసులు. కరణంగారి వాళ్ళింటి నుంచి భూమి లెక్కల దస్త్రాలు. ఒక టెలిగ్రామ్ కాగితం. వాల్వుల రేడియో. 1965 నాటి లాంబ్రెటా స్కూటర్. విసుర్రాయి. రాతిలో ఆకు అచ్చు పడిన ముక్క ఒకటి. చెరువు గట్టు దగ్గర పడి ఉన్న చెక్కడపు రాయి ఫోటో.

వీటికి సరైన ఇంగ్లీషు మాటలు చెప్పగలరా? పిల్లలు ఆ చీటీలు చదివే ఇంగ్లీషు నేర్చుకుంటారు. అందుకే ఇంత పట్టింపు.

పురావస్తు_విశ్రాంతి

మంచి పని చేస్తున్నారు మాష్టారూ. నేను మ్యూజియంలో చీటీలు రాసే పనే చాలా ఏళ్ళు చేసి రిటైరయ్యాను, అందుకని కొంచెం వివరంగా చెబుతాను.

మొదట ‘యాంటిక్’నీ ‘యాంటిక్విటీ’నీ వేరు చేసుకోండి. రెండూ ఒకే లాటిన్ వేరులోంచి వచ్చినా మన దేశంలో రెండో మాటకు చట్టం బరువు ఉంది. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం కనీసం 100 ఏళ్ళుగా ఉన్న నాణెం, శిల్పం, చిత్రం, శాసనం, చేతిపనితనం చూపే వస్తువు, కట్టడం నుంచి ఊడివచ్చిన భాగం, ఇలాంటివన్నీ ‘యాంటిక్విటీ’ కిందికి వస్తాయి. చారిత్రక, సాహిత్య, శాస్త్ర విలువ ఉన్న రాతప్రతులకు, దస్తావేజులకు 75 ఏళ్ళు చాలు. ఇలాంటివి అమ్మే వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు ఉండాలి. ప్రైవేటు మనుషులు దేశం దాటించడానికి వీల్లేదు. రాతి, లోహ శిల్పాలు, చిత్రపటాలు, బొమ్మలున్న రాతప్రతులు వంటి కొన్ని రకాలు ఇంట్లో ఉంటే నమోదు కూడా చేయించాలి.

కాబట్టి గుడ్డిగా ‘యాంటిక్విటీ’ అని రాయకండి. రాస్తే వయసు రుజువు చేసుకోగలగాలి. మీ జాబితాలో ఆ మాట పడితే తాళపత్రాలకు పడాలి, తర్వాత ఆ చెక్కడపు రాయికి. ఆ రాయి ఎక్కడ ఉందో అక్కడే ఉంచి ఫోటో మాత్రం పెట్టినందుకు ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నాను. చాలామంది ముచ్చటపడి బడికి తెచ్చేస్తారు. రాయిని కదిపాక అది ఏ గట్టు మీద, ఏ దిక్కుకు నిలబడి ఉండేదో చెప్పేవాళ్ళు దొరకరు. అది వీరగల్లా (యుద్ధంలో పోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి), దానశాసనమా అని తేల్చేటప్పుడు ఆ సంగతి చాలా పనికొస్తుంది.

మిగతావాటికి మ్యూజియం వాడే మామూలు మాట ‘ఆర్టిఫాక్ట్’ లేదా ‘ఆబ్జెక్ట్’. మనిషి చేతి పని అయితే చాలు, వయసుతో నిమిత్తం లేదు. విసుర్రాయి ఆర్టిఫాక్ట్. ఆకు అచ్చు ఉన్న రాయి కాదు, అది ‘ఫాసిల్’. మనిషి చెయ్యలేదు.

మంచిర్యాల_రాళ్ళు

ఫాసిల్ మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. లాటిన్‌లో ఆ మాటకు ‘తవ్వి తీసింది’ అనే అర్థం. ఒకప్పుడు ఇంగ్లీషులో భూమిలోంచి తవ్వి తీసిన ఏ ఖనిజాన్నయినా అలాగే పిలిచేవారు. తర్వాతే ప్రాణుల అచ్చులకు, ఎముకలకు పరిమితమైంది. తెలుగులో శిలాజం.

ప్రాణహిత గోదావరి లోయ శిలాజాలకు పెట్టింది పేరు. హైదరాబాదులో బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికినదే. జంతువు ‘ఎక్స్‌టింక్ట్’, మనకు దొరికింది ‘ఫాసిల్’. పిల్లలు ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. అంతరించిపోవడం జాతికి, శిలాజం కావడం ఒళ్ళుకి. మీ ఆకురాయి ఏ చోట దొరికిందో చీటీ మీద తప్పకుండా రాయండి.

ఇంగ్లీషు_పాఠం

నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. గంగాళం అబ్బాయి ప్రశ్న దగ్గర మొదలుపెడతాను.

‘ఆబ్సొలీట్’ అంటే వాడుక పోయింది, దాని పని ఇంకొకటి వచ్చి చేస్తోంది అని. వస్తువు పాతదా కొత్తదా అన్నది ఆ మాటకు పట్టదు. పదేళ్ళ కిందటి సెల్‌ఫోన్ కూడా ఆబ్సొలీట్ కావచ్చు. ఇంకా పూర్తిగా పోలేదు గానీ పోతోంది అంటే ‘ఆబ్సొలెసెంట్’. ఇవి యంత్రాలకు, పద్ధతులకు, మాటలకు వాడే మాటలు. గంగాళంలో ఈ రోజు నీళ్ళు పోస్తే నిలవవా? పెళ్ళిళ్ళలో వాడటం లేదా? ఆ మాట అక్కడ నప్పదు, టీచరుగారితో నెమ్మదిగా చెప్పండి.

గంగాళానికి సరైన మాట ‘హెయిర్‌లూమ్’. ‘హెయిర్’ అంటే వారసులు. ‘లూమ్’ ఇక్కడ మగ్గం కాదు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు పనిముట్టు అని అర్థం, మగ్గం అర్థం తర్వాత స్థిరపడింది. ఇంగ్లండు చట్టంలో ఇంటితోపాటు వారసుడికి పోయే సామాను అని దీనికి ఒక ప్రత్యేకార్థం ఉండేది. మన గంగాళాలు చాలామటుకు పుట్టింటి సారెగా వచ్చినవి, అమ్మ నుంచి కూతురికి నడిచినవి. ఆ సంగతి చీటీలో ఒక వాక్యంగా రాయండి: ఎవరి పుట్టింటి నుంచి ఏ ఊరికి వచ్చిందో. ‘యాంటిక్’ అని రాసినప్పుడు వస్తువు ధర గుర్తుకొస్తుంది, ‘హెయిర్‌లూమ్’ అని రాసినప్పుడు ఇచ్చినవాళ్ళు గుర్తుకొస్తారు. ఆ పెద్దావిడకు రెండోదే న్యాయం చేస్తుంది.

ఇక ‘వింటేజ్’. దీని మూలం ద్రాక్ష కోత. లాటిన్‌లో ద్రాక్ష కోతకు ఉన్న మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఏ ఏడాది కోతతో చేసిన ద్రాక్షసారా అనే లెక్కలోంచి, ఫలానా కాలంలో తయారైన మంచి సరుకు అనే అర్థానికి పాకింది. అందుకే ‘వింటేజ్’ పక్కన ఏడాదో, దశాబ్దమో ఉంటేనే ఆ మాట నిండుగా ఉంటుంది. వాల్వుల రేడియోకి ‘వింటేజ్ రేడియో’ అని రాసి, ఏ సంవత్సరానిదో తెలిస్తే కలపండి. వెనక మూత మీదో లోపల చీటీ మీదో మోడల్ నంబరు ఉంటుంది, దాన్ని బట్టి కాలం పట్టుకోవచ్చు.

పాత_బండ్లు

స్కూటర్ గురించి నేను చెబుతా. వింటేజ్ అనే మాటకు బండ్ల లోకంలో గట్టి హద్దులు ఉన్నాయి. బ్రిటన్‌లో 1905కు ముందు తయారైన కార్లను ‘వెటరన్’ అంటారు, లండన్ నుంచి బ్రైటన్ దాకా ఏటా జరిగే ప్రయాణంలో పాల్గొనేది అవే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నుంచి 1930 దాకా వచ్చినవి అక్కడి లెక్కలో ‘వింటేజ్’.

మన దగ్గర లెక్క వేరు. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం పెద్దగా మార్చకుండా ఉంచిన సొంత వాడకపు బండి, రెండు చక్రాలదైనా నాలుగు చక్రాలదైనా, వింటేజ్. నంబరు పలకలో వీ.ఏ. అనే అక్షరాలు వస్తాయి. మొదటి రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళకు మళ్ళీ చేయించేటప్పుడు 5,000. రోజువారీ తిరుగుళ్ళకు వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీసుకెళ్ళొచ్చు.

మీ 1965 లాంబ్రెటా వయసు సరిపోతుంది. చీటీ మీద వింటేజ్ అని నిశ్చింతగా రాయండి. యాంటిక్ అని మాత్రం వద్దు.

నక్షిపని

మాది నగల పని చేసే కుటుంబం. యాంటిక్ అనే మాట మా వీధిలో పూర్తిగా వేరే అర్థంలో బతుకుతోంది. ఇవాళ హైదరాబాదులో గానీ విజయవాడలో గానీ ఏ నగల కొట్టుకు వెళ్ళి “యాంటిక్ చూపించండి” అన్నా, పోయిన నెలలో చేసిన హారమే చూపిస్తారు. మెరుపు తగ్గించి, నక్షి గీతల్లో నలుపు నిలిచేలా చేసిన కొత్త బంగారం అది. ఇందులో మోసం లేదు, కొనేవాళ్ళకూ అమ్మేవాళ్ళకూ అది పైమెరుగు పేరని తెలుసు. కానీ మీ బడిలో పిల్లలకు ఇంట్లో అమ్మ చెప్పే యాంటిక్ ఇదే. అందుకే అన్నింటికీ ఆ మాట రాసి ఉంటారు: పాతదానిలా కనిపించేది అని.

నిజంగా మూడు తరాల కిందటి కాసుల పేరు ఎవరైనా తెస్తే మేం ‘పాత బంగారం’ అనే అంటాం. అది వింటే చాలామంది కరిగించడానికి తెచ్చారనుకుంటారు. అలాంటి నగ కరిగించడానికి వచ్చినప్పుడల్లా మా నాన్నగారు ఒకసారి ఆలోచించుకోమని వెనక్కి పంపేవారు. ఆ కాలపు పనితనం మళ్ళీ చెయ్యడానికి చేతులు లేవు. తూకం మాత్రమే మిగులుతుంది.

బడి_గ్రంథాలయం

ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. ధన్యవాదాలు. గంగాళం చీటీ అప్పుడే మార్చేశాం. పుట్టిల్లు, మెట్టినిల్లు రెండు ఊళ్ళ పేర్లూ రాశాం.

ఇప్పుడు కొలపాత్రలు, కాసులు, దస్త్రాలు, టెలిగ్రామ్ మిగిలాయి. కొలపాత్రలకు అయినా ‘ఆబ్సొలీట్’ రాయొచ్చా?

నల్లగొండ_నాగలి

అన్నా, కొలతల సంగతి నేను చెప్త. సర్కారు లెక్కల అవి పోయినయి, నిజమే. 1956ల చట్టం జేసి కిలో, లీటరు తెచ్చిండ్రు, 1960ల దాకా మెల్లమెల్లగ అన్ని దిక్కుల అమలు జేసిండ్రు. బజార్ల సోలతోని కొలిచి అమ్మితె ఇప్పుడు తప్పే. కని మా ఇంట్ల ఇయ్యాల్టికి గూడ బియ్యం తీసేది సోలతోనే. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. ఇది మా అమ్మకు నోటికొస్తది, నాకు నోటికొస్తది. మా పిల్లలకు గూడ నేర్పిన. అట్లాంటప్పుడు అది ఆబ్సొలీట్ ఎట్లయితది?

ఇంకొక ముచ్చట. ఇంగ్లీషు మేడమ్ చెప్పిన హెయిర్‌లూమ్ మాట మా ఎవుసంల గూడ ఉన్నది. తరతరాలుగ రైతులు దాచుకుంట వచ్చిన ఇత్తనాలను బయటి దేశాలల్ల హెయిర్‌లూమ్ సీడ్స్ అంటరు. మా దిక్కు దేశవాళీ ఇత్తనం, నాటు ఇత్తనం అంటం. హైబ్రిడ్ ఇత్తనం పండిన గింజ మళ్ళ ఏస్తె అదే పంట అదే తీరు రాదు. నాటు ఇత్తనం పోయిన ఏడు గింజ ఈ ఏడు ఏసుకోవచ్చు. మీ ప్రదర్శనల ఒక నాలుగు రకాల నాటు వడ్లు, పచ్చజొన్న, కొర్ర పెట్టుండ్రి. పాత వస్తువుల గదిల పెట్టినా అవి మొలకెత్తే వస్తువులు.

ఇంగ్లీషు_పాఠం

నాగలిగారి వాదన బలమైనది. సోలకు నేను కూడా ఆబ్సొలీట్ రాయను. ‘ట్రెడిషనల్ గ్రెయిన్ మెజర్’ అని రాసి, కింద ‘మెట్రిక్ కొలతలకు ముందు బజారులో, ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో’ అని ఒక వాక్యం పెట్టండి.

ఇక్కడే ‘ఆర్కాయిక్’ కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే పరీక్షల్లో ఈ రెండూ పిల్లల్ని తికమక పెడతాయి. నిఘంటువుల్లో ఆబ్సొలీట్ మాట అంటే ఇప్పుడు ఎవరూ వాడనిది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో దాని పక్కన చిన్న బాకు గుర్తు పెడతారు. ఆర్కాయిక్ మాట అంటే మామూలు మాటల్లో పోయినా ప్రార్థనల్లో, కవిత్వంలో, కోర్టు కాగితాల్లో ఇంకా వినిపించేది. మన పాత దస్తావేజుల్లో ‘పైన చెప్పిన’ అనే అర్థంలో ‘సదరు’, ‘మజ్కూరు’ ఎలా నిలిచాయో చూడండి. మజ్కూరు మాటల్లోంచి పోయింది, పాత దస్తావేజుల్లో ఇంకా కనిపిస్తుంది. సదరు మాత్రం ఆఫీసుల్లో హాయిగా తిరుగుతోంది.

పత్రిక_డెస్కు

కరణంగారి దస్త్రాల దగ్గర నేను మాట్లాడాలి. అనువాదాల డెస్కు మీద రోజూ నలిగేది ఈ రకం మాటలతోనే: ఎక్స్, ఫార్మర్, లేట్, ది దెన్, ఎర్స్ట్‌వైల్.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు వంటి గ్రామాధికారుల పదవులను 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రద్దు చేసింది. మరుసటి ఏడాది తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. కాబట్టి పదవికి ‘అబాలిష్డ్’ అనే మాట సరిపోతుంది. పదవి రద్దయింది, మనిషి కాదు. ఆయన బతికి ఉంటే ‘ఫార్మర్ విలేజ్ అకౌంటెంట్’. పోయి ఉంటే ‘లేట్’. ‘లేట్’ మనకు గుర్తున్న కాలంలో పోయినవాళ్ళకే వాడాలి. రెండు వందల ఏళ్ళ కిందటి రాజుగారికి ‘లేట్’ అని రాయరు. ఇది మన దగ్గర శిలాఫలకాల మీద కూడా తప్పు పడుతుంటుంది.

దస్త్రాలు మాత్రం రద్దు కాలేదు. భూమి తగాదాల్లో పాత అడంగల్ (ఏ పొలం ఎవరి సాగులో ఉందో, ఏ పంట వేశారో రాసే గ్రామ లెక్క) కోసం ఇప్పటికీ మనుషులు తిరుగుతున్నారు. వాటిని ‘విలేజ్ రెవెన్యూ రికార్డ్స్’ అని, పక్కన ఏ ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) నుంచి ఏ ఫసలీ దాకా అని రాయండి. ఫసలీకి 590 కలిపితే ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. లెక్క జూలైలో మొదలవుతుంది కాబట్టి ఒక ఫసలీ రెండు ఇంగ్లీషు సంవత్సరాల్లోకి పారుతుంది.

‘ఎర్స్ట్‌వైల్’ గురించి కూడా. ఇంగ్లండులో ఈ మాట పుస్తకాల భాష. మన దేశంలో ప్రభుత్వ ఉత్తర్వుల్లో నిత్యం కనిపిస్తుంది. 2014 జూన్ 2 తర్వాత ‘ఎర్స్ట్‌వైల్ ఆంధ్రప్రదేశ్’ అనీ, 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రలో జిల్లాలు విడదీశాక ‘ఎర్స్ట్‌వైల్ ఫలానా జిల్లా’ అనీ లెక్కలేనన్ని కాగితాల్లో పడింది. తెలుగులో దానికి ‘ఉమ్మడి’ అని స్థిరపడింది. ఇది చాలా మంచి మాట. ఇంగ్లీషు మాట పోయిన సంగతి చెబుతుంది, మన మాట కలిసి ఉన్న సంగతి చెబుతుంది. మా డెస్కులో దీన్ని వదులుకోవద్దని నేను గట్టిగా పట్టుబడతాను. అదే కొలువుల దగ్గరికి వస్తే ‘మాజీ’ అంటాం. ఆ మాటకు అరబ్బీలో గడిచిన కాలం అనే అర్థం, ఉర్దూ మీదుగా మనదైపోయింది.

మీ దస్త్రాల మీద పాత తాలూకా పేరు ఉంటే అదే ఉంచి, ఇప్పటి మండలం పేరు కింద ఇవ్వండి. పాత పేరు కొట్టేస్తే ఆ కాగితం చెప్పే సంగతి తప్పుతుంది.

నల్లగొండ_నాగలి

కాసుల దగ్గర గూడ అదే చూడుండ్రి. మా దిక్కు పాత ఇండ్లల్ల హాలీ సిక్కా దొరుకుతది, అది నిజాం రాజ్యం పైస. బ్రిటిష్ ఇండియా అణాలు, హాలీ సిక్కా కలిపి ఒక్క డబ్బల పోసి ఒకే చీటీ రాయొద్దు.

ఇంగ్లీషు_పాఠం

చెల్లని నాణేలకు ‘డీమానిటైజ్డ్’. రూపాయికి 16 అణాల లెక్క 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రావడంతో మారింది. పావలా పేరు మాత్రం 25 పైసలకు బదిలీ అయి, ఆ నాణెం 2011 జూన్ 30న చెల్లుబాటు ఆగిపోయేదాకా బతికింది. మీ పావలా అణాల కాలానిదా పైసల కాలానిదా అని ముందు చూసుకోండి.

టెలిగ్రామ్‌కు ‘డిస్‌కంటిన్యూడ్’. మన దేశంలో ఆ సేవను 2013 జూలైలో ఆపేశారు, ఆఖరి తంతి 14వ తేదీన తీసుకున్నారు. ‘డిఫంక్ట్’ అనే మాట సంస్థలకు, కంపెనీలకు, పత్రికలకు వాడాలి: మూతపడింది, ఉనికిలో లేదు అని. కాగితానికి కాదు. తంతి వచ్చిందంటే ముందుగా గుండె ఝల్లుమన్న ఇళ్ళు ఎన్నో ఉండేవి. ఆ టెలిగ్రామ్‌లో ఏముందో ఆ కుటుంబం ఒప్పుకుంటేనే చూపించండి.

భట్టిప్రోలు_దారి

ఇక్కడ ఎవరూ ‘రెలిక్’ను ముట్టుకోలేదు. శీర్షికలో పెట్టారు కాబట్టి చెబుతున్నాను. పాత రేడియోను కూడా ‘ఎ రెలిక్ ఆఫ్ ది పాస్ట్’ అని రాస్తున్నారు. మన నేల మీద ఆ మాటను అంత తేలికగా వాడటం నాకు నచ్చదు. లాటిన్‌లో అది ‘మిగిలినవి’ అనే అర్థమున్న మాట, మహనీయుల శరీర అవశేషాలకు క్రైస్తవంలో స్థిరపడింది. బౌద్ధంలో దానికి మన మాట ధాతువు. 1892లో పురాతత్వవేత్త అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపం తవ్వినప్పుడు రాతి పేటికలు, లోపల స్ఫటిక భరిణె, వాటి మీద బ్రాహ్మీ రాతలు బయటపడ్డాయి. ఆ రాతల్లో అక్షరాల తీరు ప్రత్యేకంగా ఉండటంతో దానికి భట్టిప్రోలు లిపి అనే పేరు వచ్చింది. ఆ పేటికలను ఇంగ్లీషులో ‘రెలిక్ కాస్కెట్’ అంటారు. అక్కడ రెలిక్ అంటే పూజ. రేడియోకి ఎందుకు ఆ మాట?

అమరావతి విషయంలోనూ మాటలు ఇలాగే జారిపోయాయి. కంపెనీ సర్వేయరు మెకంజీ 1797లో అక్కడి స్తూపం దిబ్బ చూశాక, మద్రాసు అధికారి ఇలియట్ 1845లో తవ్వించాక, 1859లో చాలా శిల్పాలు లండన్ చేరాయి. అక్కడ వాటికి ‘మార్బుల్స్’ అని పేరు స్థిరపడింది. అది పల్నాటి సున్నపురాయి, పాలరాయి కాదు. నూటయాభై ఏళ్ళ తర్వాత కూడా పిల్లలు పాలరాతి శిల్పాలు అని రాస్తున్నారు. చీటీ మీద పడిన మాట అంతకాలం ఉంటుంది.

పురావస్తు_విశ్రాంతి

భట్టిప్రోలువారితో సగం ఏకీభవిస్తాను. ఇంగ్లీషులో ‘రెలిక్’ లౌకిక అర్థంలో వాడటం తప్పేమీ కాదు, వందల ఏళ్ళుగా ఉంది. అయితే గుంటూరు, పల్నాడు, బాపట్ల ప్రాంతాల మ్యూజియం చీటీల్లో ఆ మాటను ధాతువులకే కేటాయించడం మంచి పద్ధతి. నేను కూడా అలాగే రాసేవాణ్ణి. కట్టడాలకు ‘రిమెయిన్స్’, ‘రూయిన్స్’ ఉన్నాయి. నాగార్జునకొండలో సాగర్ జలాశయం నీళ్ళు రాకముందు తవ్వి తీసి, అనుపులోనూ ద్వీపం మీదా మళ్ళీ నిలబెట్టిన కట్టడాలకు ‘రీకన్‌స్ట్రక్టెడ్ రిమెయిన్స్’ అని స్పష్టంగా చెప్పాలి. లేకపోతే చూసేవాళ్ళు అవి మొదటినుంచీ అక్కడే ఉన్నాయనుకుంటారు.

డాలస్_పెరడు

ఇక్కడ అమెరికాలో పాత సామాను అమ్మకాలకు వెళ్తుంటాను. కస్టమ్స్ లెక్కలో యాంటిక్ అంటే 100 ఏళ్ళు దాటినది. ఆన్‌లైన్‌లో చేతిపనుల పెద్ద అంగడి ఒకటి 20 ఏళ్ళు దాటితే వింటేజ్ అని అమ్ముకోనిస్తుంది. అంటే నేను కాలేజీలో వేసుకున్న చొక్కా వింటేజ్. మీ పిల్లలకు ఈ తేడా చెప్పండి, ఒకే మాటకు ఒక్కో చోట ఒక్కో గడువు.

ఇంకో ముఖ్యమైన విషయం. ప్రదర్శన చూసి ఎవరైనా విదేశాల్లో ఉన్న చుట్టాలు “ఆ పాత విగ్రహం మాకివ్వండి, తీసుకెళ్తాం” అంటే ఆగమనండి. కొత్త ఇత్తడి బొమ్మకు కూడా పాతదేమోనని విమానాశ్రయంలో అనుమానం రావచ్చు. యాంటిక్విటీ కాదని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకునే వీలుంది, అది ముందే చేయించుకోవాలి. 2024 జూలైలో భారత్, అమెరికాల మధ్య సాంస్కృతిక సంపద ఒప్పందం కూడా కుదిరింది. దొంగతనంగా వచ్చిన పురావస్తువులను ఇటువైపు కూడా ఆపడానికి.

బడి_గ్రంథాలయం

ఒక సందేహం మిగిలింది. ఈ ప్రదర్శన సంగతి తెలిసి పక్క ఊరి రైతు ఒకాయన ఫోన్ చేశారు. పునాది తవ్వుతుంటే చిన్న కుండలో నాణేలు దొరికాయట, ప్రదర్శనకు ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా? చీటీ మీద ఏమని రాయాలి?

పురావస్తు_విశ్రాంతి

తీసుకోవద్దు. చీటీ సంగతి తర్వాత. అది ‘ట్రెజర్ ట్రోవ్’. ఫ్రెంచిలో దొరికిన నిధి అని అర్థం, మన లంకెబిందెలు. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే దొరికినాయన జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి: ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజున అని. చట్టంలో దొరికినాయనకూ స్థలం యజమానికీ హక్కులున్నాయి, కాబట్టి చెబితే అంతా పోతుందన్న భయం అక్కర్లేదు. దాచిపెడితేనే నేరమవుతుంది. తహశీల్దారు ద్వారా పంపమని ఆయనకు చెప్పండి. నాణేలను చింతపండుతో తోమవద్దని, కుండ పెంకులు కూడా పారెయ్యవద్దని ఈ రోజే చెప్పండి. తోమితే అచ్చు అరిగిపోతుంది. ఏ కాలపు కుండో పెంకు చెబుతుంది.

తాళపత్రాల గురించి చివరగా. అది ఏ గ్రంథమో చదవగలిగినవాళ్ళు చూశాకే చీటీ రాయండి. మీకు దగ్గరలో తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థ గానీ, హైదరాబాదులో ఉస్మానియా ఆవరణలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయం గానీ అడిగితే చెబుతారు. అప్పటిదాకా ‘పామ్ లీఫ్ మాన్యుస్క్రిప్ట్, తెలుగు లిపి, చదవవలసి ఉంది’ అని రాస్తే చాలు. లిపి తెలుగైనా భాష సంస్కృతం కావచ్చు, అందుకే లిపి అని మాత్రమే రాయమంటున్నాను. కిటికీ పక్కన పెట్టకండి, పైన ట్యూబులైటు వద్దు, దారం బిగించి కట్టకండి. పిల్లలు ముట్టుకుని చూడాలంటే ఖాళీ తాటాకు, ఒక గంటం పక్కన పెట్టి గీయనివ్వండి. ఒత్తులకు, దీర్ఘాలకు ఆకు ఎక్కడ చిరుగుతుందో వాళ్ళకే తెలుస్తుంది.

బడి_గ్రంథాలయం

రైతుగారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. రేపు ఉదయం తహశీల్దారు ఆఫీసుకు మేమిద్దరం కలిసి వెళ్తున్నాం. తాటాకులు కోయించే పని పదో తరగతివాళ్ళు తీసుకున్నారు.